ప్లేటు మారిందిగా, ఇంకేం కావాలి

పాత ఇంటికి వైరింగ్ అప్‌డేట్ చేయించే విషయంలో మనవాళ్ళు ఎప్పట్నించో ఒకే పద్ధతి పాటిస్తున్నారు, కంటికి కనపడేది మార్చాలి, కనపడనిదాని జోలికి పోకూడదు, అంతే. నల్ల బేకలైట్ స్విచ్చి పీకేసి తెల్లటి మాడ్యులర్ ప్లేటు బిగిస్తే ఇల్లు కొత్తదైపోయినట్టే. ఆ ప్లేటు వెనక 1965 నాటి రబ్బరు వైరు ఏ స్థితిలో ఉందో మనకనవసరం, పండక్కొచ్చే చుట్టాలు స్క్రూడ్రైవరు పట్టుకుని రారు కదా. ఇంత చక్కటి పద్ధతిని ఈమధ్య కొందరు తప్పు పడుతున్నారు కాబట్టి దాని తరఫున వకాల్తా పుచ్చుకోక తప్పట్లేదు.

అసలు తప్పంతా ఆ కాలం పనివాళ్ళది. గోడ మీద టేకు బద్దెలు తాడు పెట్టి గీసినట్టు కొట్టి, బద్దె పొడుగునా క్లిప్పులు సమానంగా వేసి, వైరు ఎక్కడా వదులు లేకుండా లాగి, మూల తిరిగే చోట బద్దెని ఏటవాలుగా కోసి సందు కనపడకుండా అతికించి, గుండ్రటి చెక్క బ్లాక్ మీద ఇత్తడి మూత స్విచ్చి పెట్టి, లోపల మంచి రాగి వైరు వాడి... ఇంత బాగా ఎవరు చెయ్యమన్నారండీ? పదేళ్ళకి పాడైపోయేలా చేసుంటే మనమే మార్పించుకునేవాళ్ళం. వాళ్ళేమో అరవై ఏళ్ళు పనిచేసేలా చేశారు, దాంతో మనకి "తాతగారి టైంలోది, ఇప్పటికీ చెక్కుచెదర్లేదు" అనే గర్వం పట్టుకుంది, ఆ గర్వంతోనే దానికి ఒకటిన్నర టన్ను ఏసీ తగిలించాం.

తాతగారు దాని మీద పెట్టింది నాలుగు అరవై వాట్ల బల్బులు, రెండు ఫ్యాన్లు, ఒక రేడియో. అన్నీ ఒకేసారి వేసినా రెండు ఆంపియర్లు దాటవు. దానికి 1/18 వైరు వేశారు, అంటే పద్దెనిమిదో గేజి సన్నటి తీగ ఒకటే, లైట్ల లైనుకి అయిదు ఆంపియర్ల ఫ్యూజు. మనం దాని మీద ఏసీ ఒక ఏడెనిమిది, గీజరు ఒక తొమ్మిది, ఇండక్షన్ స్టవ్వు ఇంకో తొమ్మిది ఎక్కించి, వైరు వేడెక్కితే "పాతదైపోయిందండీ" అని దానికి వయసు అంటగడుతున్నాం. మొదట్లో ఫ్యూజు పోయి పోయి చెప్పాలనే చూసింది పాపం, కానీ మనం ఊరుకునే రకమా, పింగాణీ కట్టలో సన్న తీగ తీసేసి పనికిరాని వైరులోంచి మూడు పోగులు లాగి మెలితిప్పి కట్టేశాం. అప్పట్నించీ ఫ్యూజు పోలేదు. సమస్య తీరిపోయింది, ఇప్పుడు కాలితే వైరే కాలుతుంది.

ఇక ఫ్యూజు బదులు, లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చిలు, అదే ఎంసీబీలు, వచ్చాక ఈ శాస్త్రం ఇంకా ముందుకెళ్ళింది. పది ఆంపియర్లది పడిపోతోందా, పదహారుది పెట్టు. అదీ పడిపోతోందా, ముప్పై రెండుది పెట్టు. ఎంసీబీ ఉన్నది వైరుని కాపాడటానికి, వైరు సైజుని బట్టి ఎంసీబీ ఉండాలి అనే మూఢనమ్మకం కొందరు ఇంజినీర్లలో ఇంకా పోలేదు.

ఆర్‌సీసీబీ అని ఇంకోటుంది, దాని కథ వింటే జాలేస్తుంది. ముప్పై మిల్లీ ఆంపియర్లు దారి తప్పి మనిషిలోంచో తడిగోడలోంచో భూమిలోకి పోతే చాలు, టక్కున కట్ చేసేస్తుంది. పాత ఇంట్లో పెట్టిన మర్నాడే పడిపోవడం మొదలవుతుంది, ఎందుకంటే హాలు లైటు న్యూట్రల్ (కరెంటు తిరిగెళ్ళే తీగ) వంటింటి లైనులో కలిసుంటుంది, అటక మీద ఎక్కడో రబ్బరు పొడిపొడిగా రాలిపోయి ఉంటుంది, అది ఆ రెండూ పసిగట్టింది. దానికి మన ఎలక్ట్రీషియన్ తీర్పు, "ఈ ఐటం మంచిది కాదు సార్, ఊరికే పడిపోద్ది, తీసేసి డైరెక్ట్ చేసేశా." నిజం చెప్పిన ఆఫీసర్ని ట్రాన్స్‌ఫర్ చేసినంత తేలిగ్గా అయిపోయింది పని. సార్ కూడా సంతోషించారు, టీవీలో సీరియల్ ఆగట్లేదు మరి.

లీకైన కరెంటుని భూమిలోకి పంపే ఎర్త్ సంగతి సరేసరి. పాత ఇంట్లో లైట్ల లైనుకి ఎర్త్ తీగ ఉండేది తక్కువ, ఇప్పుడు వెయ్యాలంటే పెరట్లో గొయ్యి తవ్వాలి, పైపు దింపాలి, బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వెయ్యాలి, ఎండాకాలం నీళ్ళు పోస్తుండాలి. ఇంత చేశాక ఫొటో తీసి స్టేటస్ పెట్టుకోడానికి ఏముంటుంది, మట్టి! మీటరు బోర్డు ఆగ్నేయంలో లేకపోతే గోడ పగలగొట్టించే మనం, ఎర్త్ గొయ్యికి మాత్రం "స్థలం లేదండీ" అంటాం. ఫ్రిజ్ ముట్టుకుంటే జివ్వుమంటోందా, దాని ముందు రబ్బరు చెప్పులు పెట్టండి. (ఇంట్లో చెప్పులేసుకోకూడదని అరిచే అమ్మమ్మ కూడా ఈ ఒక్క చోట మినహాయింపు ఇచ్చింది.) ఆకుపచ్చ వైరు వృథా పోకుండా, ఎర్రది అయిపోయినప్పుడు దాన్నే కరెంటొచ్చే ఫేజుకి లాగేసే పొదుపరులు కూడా ఉన్నారు, తర్వాతొచ్చే పనివాడు అది ఎర్త్ అనుకుని పట్టుకుంటే అది వాడి అనుభవలేమి.

ఆ ఇంజినీర్ల వాదన ఏంటయ్యా అంటే, పాత రాగి వైరుని ముందు మెగ్గర్ (వైరు తొడుగులోంచి కరెంటు లీకవుతోందేమో చూసే మీటరు) పెట్టి చూడండి, రీడింగ్ బావుంటే, సీలింగు రోజ్ (కప్పు నించి తీగ దిగే చోట ఉండే డబ్బీ) దగ్గరా హోల్డర్ దగ్గరా వేడికి రబ్బరు పెళుసెక్కకుండా ఉంటే, లైట్లూ ఫ్యాన్లూ దాని మీదే ఉంచండి, ఎల్ఈడీలొచ్చాక ఆ లోడు అసలు ఇంకా తగ్గింది, ఏసీకీ గీజరుకీ మాత్రం బోర్డు నించి విడిగా నాలుగు స్క్వేర్ ఎంఎం లావు వైరు లైన్లు ఎర్త్‌తో సహా లాగండి, గోడలు తవ్వకుండా పైనించి పైపులో తెచ్చినా చాలు, గానుగ సున్నం గోడకి గాడి కొడితే పెచ్చులు పెచ్చులుగా ఊడొస్తుంది అంటారు. వైరింగుకి ఐఎస్ 732, ఎర్తుకి ఐఎస్ 3043 అంటూ భారతీయ ప్రమాణాల నెంబర్లు కూడా చెప్తారు. వినడానికి బానే ఉంది కానీ ఇందులో ప్లేటు రంగు ప్రస్తావనే లేదు, ఇలాంటి దాన్ని ఇంట్లో ఆడవాళ్ళ ముందు ఎలా పెడతాం?

పైగా మాడ్యులర్ ప్లేటుకి ఒక అదనపు సౌకర్యం ఉంది. పిల్లలు వేలు పెట్టకుండా సాకెట్ లోపల షట్టరు ఉంటుంది, చాలావాటిలో ఎర్త్ పిన్ను దిగితేనే అది తెరుచుకుంటుంది. మన రెండు పిన్నుల ఛార్జరు దాంట్లో దిగదు కాబట్టి మూడో చిల్లులోకి అగ్గిపుల్ల గుచ్చి షట్టరు తెరిచి ఛార్జరు దూర్చుకుంటున్నాం. చూశారా, ఎర్త్ లేకపోయినా ఆ చిల్లు ఖాళీగా ఉండట్లేదు.