మెత్తని చెప్పుదెబ్బకు పరిహారం లేదు

మా కాన్‌బెర్రాలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేస్తూ కాలు విరగ్గొట్టుకుంటే పరిహారానికి పెద్ద చిక్కేం లేదు, ఎక్స్‌రే ఉంటుంది. అదే మనసు విరిగిందనుకోండి, అది విరిగిందా లేదా అన్నదొక్కటే తేలితే చాలదు, ఎంత మర్యాదగా విరిచారన్నది కూడా తేలాలి. ఇది నా వెటకారం కాదండీ, ఆస్ట్రేలియా 1988 పరిహార చట్టంలోని 5ఎ సెక్షన్. పై అధికారులు సమంజసమైన చర్యను సమంజసమైన పద్ధతిలో తీసుకుంటే, దానివల్ల మీకు డిప్రెషన్ వచ్చినా అది గాయం కిందికే రాదు. అప్రైజల్, కౌన్సెలింగ్, సస్పెన్షన్, క్రమశిక్షణ చర్య, రాని ప్రమోషన్, అన్నీ అక్కడ వరసగా రాసి ఉన్నాయి. ఉద్యోగికి నిద్ర పట్టకుండా చేసేవేమిటో చట్టం రాసినవాళ్లకు మనకన్నా బాగా తెలుసన్నమాట!

అందుకే తెలివైన మేనేజర్ టేబుల్ మీద టిష్యూ డబ్బా పెట్టడం మర్చిపోడు. శుక్రవారం నాలుగింటికి మీటింగ్, కావాలంటే తోడుగా ఎవరినైనా తెచ్చుకోవచ్చని మెయిల్‌లో ఓ లైను, గ్లాసుడు మంచినీళ్లు, డబ్బాలోంచి ఒక టిష్యూ సగం పైకి లాగి మన వైపు తిప్పి పెట్టడం... ఇక ఆ తర్వాత ఏమన్నా పద్ధతి ప్రకారం అన్నట్టే. ఆ టిష్యూ మన కళ్ల కోసం కాదు, ఫైలు కోసం.

2016లో ఇక్కడి హైకోర్టు దాకా (ఇక్కడ అంతకు పైకోర్టు లేదు) ఒక కేసు వెళ్లింది. రేడియో స్టేషన్‌లో పనిచేసే ఒకావిడ, తనకు పడని సూపర్‌వైజర్ నుంచి తప్పించుకుని కొన్నాళ్లు పై పోస్టులో ఉంది. ఆ పోస్టు ఆవిడకు ఖాయం చేయని ప్యానెల్లో ఆ సూపర్‌వైజరే ఒక సభ్యుడు. మళ్లీ ఆయన కిందికే వెళ్లాలని తెలిసి కుప్పకూలింది. ఇక ధర్మసందేహం: ఏడ్చింది ప్రమోషన్ రానందుకా, ఆ మొహం మళ్లీ చూడాల్సి వచ్చినందుకా? రెండూ ఒకటే ఏడుపు కదా అనేవాళ్లకు న్యాయశాస్త్రం అబ్బదు. ప్రమోషన్ నిరాకరించకపోయి ఉంటే ఆ జబ్బే వచ్చేది కాదంటే, జబ్బు ఆ నిర్ణయం వల్ల వచ్చినట్టే లెక్క అంది కోర్టు. ఆ నిర్ణయం సమంజసంగా జరిగిందా లేదా అన్నది మళ్లీ వేరే పేచీ.

క్లెయిమ్ కొట్టేస్తే దిక్కులేదనుకోకండి. ముందు దాన్ని కొట్టేసిన ఆఫీసులోనే ఇంకొకరు మళ్లీ చూస్తారు, ఫలితం మీరు ఊహించుకోవచ్చు. ఆ తర్వాతే ట్రిబ్యునల్, 2024 అక్టోబర్‌లో దాని పేరు బోర్డు కూడా కొత్తగా మార్చారు. ఈ ట్రిబ్యునల్ చేసేది అచ్చంగా పరకాయ ప్రవేశం. క్లెయిమ్ కొట్టేసిన అధికారి తప్పు చేశాడా అని ఊరికే తిట్టిపోయకుండా, ఆయన ఒంట్లో దూరి, ఆయనకున్న అధికారాలతోనే, కొత్త సాక్ష్యాలు కూడా విని, నిర్ణయం మొదటి నుంచీ తానే తీసుకుంటుంది. ఇందులో నిజంగా మెచ్చుకోవాల్సింది ఉంది, ఒప్పుకుంటాను. ఆ శుక్రవారం నాలుగ్గంటల గదిని పూర్తిగా తెరుస్తారు, ఎవరు ముందు మాట్లాడారు, తలుపు వేశారా, టిష్యూ డబ్బా ఎటు తిరిగి ఉంది, అన్నీ. మీటింగ్ నోట్సు రాసింది మాత్రం మేనేజరే.