దిగంబర సైకిలు

"దీనికి మడ్‌గార్డులు లేవేంటండీ?"

సైకిళ్ల దుకాణంలో అడగకూడని ప్రశ్న ఏదైనా ఉంటే అది ఇదే. అమ్మే కుర్రాడు మిమ్మల్ని ఒక్క క్షణం జాలిగా చూస్తాడు, గుళ్లోకి వచ్చి కుర్చీ అడిగినవాణ్ణి చూసినట్టు. తర్వాత నెమ్మదిగా, మీకు అర్థమయ్యే భాషలో చెబుతాడు.

"అవి యాక్సెసరీ సార్. విడిగా తీసుకోవాలి."

మరి లైటు? యాక్సెసరీ. బెల్లు? యాక్సెసరీ. క్యారియరు, స్టాండు, తాళం, చైను కవరు? యాక్సెసరీ, యాక్సెసరీ, యాక్సెసరీ, "అది దీనికి రాదు సార్". ఉపనిషత్తులు బ్రహ్మపదార్థాన్ని ఇలాగే తేల్చాయి. ఇది కాదు, ఇది కాదు అంటూ ఒక్కొక్కటే తీసేస్తూ పోతే చివరికి మిగిలేదేదో అదే సత్యం. సైకిలు విషయంలో చివరికి మిగిలేవి రెండు చక్రాలు, ఒక ఫ్రేము, ఒక ధర. నిర్గుణం, నిరాడంబరం. నిరంజనం మాత్రం కాదు. మొదటి వాన పడగానే అంజనమంతా తెచ్చి వీపుకు పూస్తుంది.

ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడాడని వెనకటివాళ్లు నవ్వుకున్నారు. ఏనుగును అమ్మినవాడే అంకుశం విడిగా కొనుక్కోమంటాడని పాపం వాళ్లకు తట్టలేదు.

వాన నీటికి ఈ వేదాంతం ఎక్కదు. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్లే సైకిలు టైరు అంచు, సైకిలు మీద కూర్చుని చూస్తే, సెకనుకు సుమారు 5.6 మీటర్ల వేగంతో తిరుగుతూ ఉంటుంది. వెనక చక్రానికి వెనకవైపున ఆ వేగం నిట్టనిలువుగా పైకి. అక్కడ టైరును వదిలిన చుక్క, గాలి అడ్డును పక్కన పెడితే, మీటరున్నర ఎత్తుకు లేస్తుంది. అంటే నడుము దగ్గర ఆగే రకం కాదు, కాలరు చూసిగాని దిగదు. ఇంకాస్త పైకి తిరిగాక వదిలిన చుక్క ముందుకు వంగి నేరుగా వీపు మధ్యలో పడుతుంది. ముందు చక్రం తన బురదను రెండు వాటాలు వేస్తుంది. కిందివైపు నుంచి లేచింది బూట్లకూ చైనుకూ. పైనుంచి ముందుకు ఎగిరింది గాల్లో వేలాడుతూ ఉంటుంది, మీరే వెళ్లి ముఖంతో అందుకుంటారు. ఇక మీ వెనక వస్తున్నవాడి సంగతి. సైకిళ్లు బారులు తీరి నడిచే ఊళ్లో మీ వెనక చక్రం ఎదుటనే ఒకరి నోరు ఉంటుంది. అతను మీకు ఏ అపకారమూ చేయలేదు.

ఇంత ఉపద్రవానికీ విరుగుడు వంచిన ఓ రేకు. ప్లాస్టిక్‌దైనా చాలు. టైరు కన్నా సుమారు 10 మిల్లీమీటర్లు వెడల్పు ఉండాలి, టైరుకూ దానికీ మధ్య మరో 10 మిల్లీమీటర్ల సందు ఉండాలి. సందు తక్కువైతే బురద అక్కడే చేరి బ్రేకులా పట్టేస్తుంది. ముందుదాని చివర నేలకు నాలుగు వేళ్ల ఎత్తు దాకా వేలాడే మెత్తటి రబ్బరు ముక్క కావాలి, అది లేకపోతే మడ్‌గార్డు ఉండీ బూట్లు తడుస్తాయి. ఇంకో సంగతి. ముందు మడ్‌గార్డు ఊతకడ్డీలు గట్టిగా లాగితే ఊడివచ్చే క్లిప్పుతో బిగించినవై ఉండాలి. దారిలో ఏ పుల్లో లేచి టైరుకూ రేకుకూ మధ్య ఇరుక్కుంటే, క్లిప్పు లేనిది ముడుచుకుపోయి చక్రాన్ని బిగబడుతుంది. చక్రం ఆగుతుంది, మీరు ఆగరు. ఇన్ని జాగ్రత్తలున్న వస్తువును ఎవరికి వారు విడిగా కొనుక్కుని, ఇంటి దగ్గర కూర్చుని, కొలతలు చూసుకుని బిగించుకోవాలట. ఫ్యాక్టరీకి అంత తీరిక లేదు.

పోనీ, కొనుక్కుందాం. బిగించేది ఎక్కడ? ఫోర్కు చివరా, వెనక యాక్సిలు దగ్గరా 5 మిల్లీమీటర్ల బోల్టు పట్టే మర కన్నం ఒకటి ఉండాలి. దిగంబర సైకిలుకు ఆ కన్నం కూడా ఉండదు. మర్చిపోయి కాదు, అందం చెడుతుందని మానేశారు. టైరుకూ ఫోర్కుకూ మధ్య అట్టముక్క దూరే సందు కూడా ఉంచరు. అప్పుడు దుకాణం కుర్రాడు సీటు గొట్టానికి తగిలించే ఓ ప్లాస్టిక్ నాలుక చూపిస్తాడు. అది టైరుకు జానెడు ఎత్తున ఉంటుంది, గతుకు వచ్చినప్పుడల్లా ఓ పక్కకు తిరుగుతుంది, మీ బూట్లనూ చైనునూ పట్టించుకోదు. సైకిలు నిలిపి వెళితే ఎవరో చేత్తోనే ఊడదీసుకుని పోతారు. ఆ దొంగను తప్పు పట్టడానికి లేదు, ఆయనకూ దుకాణంలో ఇవ్వలేదు.

"బరువు తగ్గుతుంది సార్" అనేది ఈ మతంలో మూలమంత్రం. లెక్క చూద్దాం. మంచి మడ్‌గార్డుల జత ఓ 600 గ్రాములు ఉంటుంది. అవి లేనందువల్ల ఆఫీసుకు వెళ్లే మనిషి మోసేవి: వాన కోటు 300, వాన ప్యాంటు 250, బూట్ల మీద తొడుగులు 200, మారు చొక్కా, ప్యాంటు కలిపి 700, ఇవన్నీ పెట్టుకోవడానికి క్యారియరు లేదు కాబట్టి వీపు సంచి 900. మొత్తం 2,350 గ్రాములు. సైకిలు మాత్రం తేలికే. బరువంతా మనిషి మీదికి మారింది, అది దుకాణం లెక్కలోకి రాదు.

ఇప్పుడు ఆ మనిషిని చూడండి. ఉదయం ఎనిమిదిన్నర, సన్నటి తుంపర. ఆఫీసు నాలుగు కిలోమీటర్లు, ప్రయాణం పావుగంట, ముస్తాబు ఇరవై అయిదు నిమిషాలు. ఆయన మారు బట్టలు పెట్టుకోవడం మర్చిపోయిన రోజు ఇది. ఆఫీసు చేరి కోటు విప్పేదాకా అంతా బాగానే ఉంది. నిజానికి కోటు నడుము దాకానే ఉంది, కిందివైపు నుంచి లేచిన నీళ్లు దాని లోపలికి కూడా వెళ్లాయి. తెల్ల చొక్కా మీద నడుము నుంచి మెడ దాకా మట్టిరంగు చార, పూస పూసా కనపడేలా. వెన్నెముక పాఠానికి బొమ్మ అక్కర్లేదు.

ఆ రోజే సమావేశం. ఖర్చుల తగ్గింపు గురించి మాట్లాడాల్సింది ఈయనే. గదిలోకి ఎదురుగా నడిచి వచ్చాడు, గోడ దొరకగానే వీపు ఆనించి పీతలా పక్కకు జరుగుతూ బోర్డు దాకా చేరాడు. బోర్డు మీద రాయాలంటే వెనక్కి తిరగాలి. తిరగలేదు. చెయ్యి భుజం మీదుగా వెనక్కి వంచి, చూడకుండానే ఓ గ్రాఫు గీశాడు. గీత పైకి పోవాల్సింది కిందికి పోయింది. అందరూ ఖర్చులు నిజంగానే తగ్గాయనుకుని చప్పట్లు కొట్టారు. ఆయన తృప్తిగా గుడ్డ కుర్చీలో కూర్చున్నాడు. లేచేటప్పుడు చారలో సగం కుర్చీకి అంటించి వెళ్లాడు. మధ్యాహ్నం ఆ కుర్చీలో పై అధికారి కూర్చున్నాడు. ఆయన కారులో వచ్చే మనిషి. సైకిలు తొక్కకుండానే సైకిలు తొక్కినవాడి వీపు సంపాదించి, సాయంత్రం దాకా ఆఫీసంతా తిరిగాడు. ఎవ్వరూ చెప్పలేదు. పర్యావరణం పట్ల ఆయనకున్న శ్రద్ధను మర్నాడు ఇద్దరు మెచ్చుకున్నారు కూడా.

అదే తుంపరలో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లోనో ఆమ్‌స్టర్‌డామ్‌లోనో ఓ పెద్దావిడ మామూలు కోటుతో సైకిలెక్కి కూరగాయల సంచితో ఇంటికి పోతూ ఉంటుంది. ఆమె ముస్తాబేమీ కాలేదు, సైకిలే ముస్తాబై ఉంది. ముందూ వెనకా మడ్‌గార్డులు, కోటు అంచు చువ్వల్లో పడకుండా వెనక చక్రానికి అడ్డుతెర, చైనును మొత్తంగా మూసే డబ్బా, ముందు చక్రం హబ్బులో, చక్రం తిరుగుతుంటే లైటుకు కరెంటిచ్చే డైనమో, ఫ్రేముకే బిగించిన చక్రం తాళం. ఆ తాళం తెరిచి ఉన్నంతసేపూ తాళంచెవి ఊడి రాదు, అంటే పారేసుకునే వీలే లేదు. పెడలు వెనక్కి తొక్కితే బ్రేకు పడుతుంది కాబట్టి ఓ చెయ్యి గొడుక్కి ఖాళీ. (ఆ చేత్తో ఫోను పట్టుకోవడం మాత్రం 2019 జులై నుంచి అక్కడ నేరం.) బరువు 20 కిలోలకు అటూ ఇటూ. ఆ దేశంలో ఈ రకం సైకిళ్లను తాత సైకిలు, అమ్మమ్మ సైకిలు అంటారు: ఓపాఫీట్స్, ఓమాఫీట్స్. కాలేజీ పిల్లలు కూడా నామోషీ పడకుండా అమ్మమ్మ సైకిలే తొక్కుతారు, స్నేహితురాలు వెనక క్యారియరు మీద ఓ పక్కకు కూర్చుని ఉండగా. క్యారియరు మీద 25 కిలోలు అని రాసి ఉంటుంది. ఆ స్నేహితురాలు అంత తేలికగా కనపడదు, కానీ అది మన విషయం కాదు.

చైను గురించి రెండు మాటలు చెప్పకపోతే పాపం. కొత్త చైనులో 24 లంకెల పొడవు 304.8 మిల్లీమీటర్లు. పిన్నులు అరిగి అది 307 దాటిందంటే మార్చాల్సిందే. ఆగితే పళ్ల చక్రాలను కూడా తినేస్తుంది, తర్వాత కొత్త చైను వేసినా ఆ పళ్ల మీద జారుతుంది. అరగదీసేది తొక్కుడు కాదు, నూనెలో కలిసిన ఇసుక. మడ్‌గార్డు లేని ముందు చక్రం ఆ ఇసుకను రోజూ కొలిచి పోస్తుంది. డబ్బా లోపల ఉన్న చైను ఏళ్ల తరబడి నడుస్తుంది, బయట ఉన్నది వారానికోసారి తుడిపించుకుని, నూనె పోయించుకుని, అయినా ఏడాదికల్లా చస్తుంది. దుకాణంలో దీన్ని సర్వీసింగ్ అంటారు. మీ పేరు అక్కడ అందరికీ తెలుస్తుంది.

ఇక్కడిదాకా నవ్వుకుందాం. లైటు దగ్గర మాత్రం నవ్వు రాదు.

హబ్బు డైనమో అంటే 6 వోల్టులు, 3 వాట్లు. ఛార్జింగు లేదు, మర్చిపోవడం లేదు, ఊడదీయడానికి కుదరదు. సిగ్నలు దగ్గర ఆగినా వెనక లైటు కొన్ని నిమిషాలు వెలుగుతూనే ఉంటుంది, దానికి కాస్త కరెంటు దాచిపెట్టే చిన్న కెపాసిటర్ చాలు. ఇదేమీ రాకెట్టు కాదు. అయినా దిగంబర సైకిలుకు లైటు అంటే రబ్బరు పట్టీతో తగిలించే బుడ్డి. ఆగిన చోటల్లా ఊడదీసి జేబులో వేసుకోవాలి, ఇంటికెళ్లి ఛార్జింగు పెట్టాలి, కావాల్సిన రాత్రి అది సొరుగులో ఉంటుంది. బ్రిటన్ నిబంధనలు చూడండి. 2010 నాటి రూలు ప్రకారం కొత్త సైకిలు బెల్లు లేకుండా అమ్మకూడదు, ఇంటికెళ్లాక ఆ బెల్లు పీకేసి తొక్కితే తప్పు లేదు. లైటు లేకుండా అమ్మొచ్చు, చీకటి పడ్డాక లైటు లేకుండా తొక్కితే నేరం. అమ్మినవాడికి చట్టబద్ధం, కొన్నవాడికి జరిమానా.

చీకట్లో సైకిలు మనిషిని కారు గుద్దితే అడిగే మొదటి ప్రశ్న ఏమిటో అందరికీ తెలుసు. "లైటుందా?" ఆ ప్రశ్న రోడ్డు మీద పడి ఉన్న మనిషిని అడుగుతారు. చేసినవాణ్ణీ అమ్మినవాణ్ణీ అడగరు. ఒక్క కారును హెడ్‌లైట్లు లేకుండా అమ్మండి చూద్దాం. "వైపర్లు యాక్సెసరీ సార్, బ్రేకు లైటు మీ ఇష్టం" అనండి. ఆ దుకాణం మర్నాడు ఉండదు. సైకిలు మీద వెళ్లేది కూడా మనిషే కదా! పొద్దుపోయి పని నుంచి ఇంటికి పోయేవాడు, ట్యూషన్ నుంచి వచ్చే పిల్ల. వాళ్లకు వెలుతురు అలంకారమా? ఆటవస్తువు అమ్మి, దానితో రోడ్డెక్కమని, గుద్దితే తప్పు నీదేననడం వ్యాపారం కాదు, దగా.

నెదర్లాండ్స్ పుట్టుకతో స్వర్గమేమీ కాదు. 1971లో ఆ చిన్న దేశపు రోడ్ల మీద మూడు వేల మందికి పైగా చనిపోయారు, అందులో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు పిల్లలకు మెరిసే చొక్కాలు తొడిగించి ఊరుకోలేదు, రోడ్డుకు అడ్డంగా నిలబడ్డారు. ఆ ఉద్యమం పేరుకు అర్థం 'పిల్లల హత్యను ఆపండి'. ప్రమాదం అనలేదు వాళ్లు. హత్య అన్నారు.

ఇలాంటి దుకాణంలోనే ఊళ్లు కూడా సైకిలు దారులు కొంటాయి కాబోలు. డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్‌లో సైకిలు దారికీ కార్ల దారికీ మధ్య రాతి గట్టు ఉంటుంది, నారెబ్రోగేడ్ వీధిలో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తొక్కుతూ పోతే సిగ్నళ్లు వరసగా పచ్చబడతాయి. మిగతా ఊళ్లు ఆ ఫొటోలు చూసి ఓ తెల్ల గీత గీసి రిబ్బను కత్తిరిస్తాయి. గట్టు? యాక్సెసరీ. గీత ఆగి ఉన్న కార్ల పక్కనే పోతుంది, ఏ తలుపు ఎప్పుడు తెరుచుకుంటే అప్పుడు మీ ముఖం దానికి. కూడలి రాగానే, అంటే సరిగ్గా అవసరం పడ్డ చోట, గీత మాయం. సైకిలు పెట్టుకునే చోటు అడిగితే ముందు చక్రం మాత్రమే దూరే ఇనప చువ్వల వరస చూపిస్తారు. పక్క సైకిలు ఒరిగితే రిమ్ము వంగుతుంది, తాళం ఫ్రేముకు అందదు. ఉట్రెక్ట్ రైల్వే స్టేషను కింద 2019 నుంచి 12,500 సైకిళ్లకు చోటు ఉంది. అది కట్టేటప్పుడు ఇది యాక్సెసరీ అని ఎవరూ వాళ్ల చెవిలో వేయలేదేమో.

మళ్లీ దుకాణానికి వద్దాం, బిల్లు అవుతోంది. మడ్‌గార్డులు మానుకున్నాం. లైట్లు, బెల్లు, తాళం విడివిడిగా తీసుకున్నాం, వాటి మొత్తంతో ఓ మామూలు సైకిలు వచ్చేది, పోనీండి. స్టాండు లేదు కాబట్టి కొత్త సైకిలును గోడకు ఆనించాం. అది ఓసారి జారింది, మళ్లీ ఆనించాం. ఇక ఎక్కి పోదామని కాలు ఎత్తితే కాలు పెట్టడానికి ఏమీ తగల్లేదు. వంగి చూస్తే క్రాంకు చివర ఉత్త కన్నం. ఖరీదైన రేసు సైకిళ్లను నిజంగానే ఇలా అమ్ముతారు.

"పెడళ్లు..." అని నసిగాం.

కుర్రాడు ఈసారి జాలిపడలేదు. వెనక అలమర తెరిచి, "ఏ రకం చూపించమంటారు సార్?" అన్నాడు.