అయ్యో అంటే ఎగిరే పిట్ట

ఇది మొన్న శనివారం జరిగింది. బొటనవేలికి ఇంకా పట్టీ ఉంది, స్పేస్ బార్ కొట్టినప్పుడల్లా సలుపుతోంది, కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

మేముండేది డాలస్ పక్కన. వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఏదైనా ఉంటే తప్ప, వీసా మీద ఉన్నవాళ్లు ఇక్కడ తుపాకీ కొనకూడదు. కాబట్టి గ్రీన్ కార్డు వచ్చేదాకా నాకు ఆ గొడవే లేదు. కార్డు వచ్చిన నెలకే మా తోడల్లుడు (పెద్దవాడు కాబట్టి అన్నయ్యా అంటాను) "ఇంకేమోయ్, ఒక షాట్‌గన్ కొనుక్కో, శనివారాలు పిట్టలు కొడదాం" అన్నాడు. పిట్టలంటే నిజం పిట్టలు కాదు, యంత్రం విసిరే క్లే పళ్లేలు. ఆయనకు ఇటలీ తుపాకీ ఉంది. దాని ధర మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పాడంటే మా వాడికి ఎక్కాలకంటే ముందు అదే కంఠతా వచ్చింది.

నాకు తెలిసిన తుపాకీ మా ఊరి మోతుబరిగారి రెండు గొట్టాల 12 బోరు ఒక్కటే. ఎన్నికలు వచ్చినప్పుడల్లా దాన్ని పోలీస్ స్టేషన్లో అప్పజెప్పి రావాలి. అసెంబ్లీ, పార్లమెంటు, పంచాయతీ అంటూ అది ఆయన ఇంట్లో కంటే స్టేషన్లోనే ఎక్కువ కాపురం చేసింది. పేలగా మాత్రం నేనెప్పుడూ చూడలేదు. ఆ అనుభవంతోనే దుకాణానికి వెళ్లి, తుపాకీ కొనేవాళ్లు నింపాల్సిన 4473 ఫారంలో నా ఇంటిపేరు ఏ గడిలోకి వెళ్లాలో పావుగంట తేల్చుకుని, టర్కీలో చేసిన 12 గేజ్ సెమీ ఆటోమేటిక్ ఒకటి 400 డాలర్ల లోపు ధరకి తెచ్చుకున్నాను. కౌంటర్లో కుర్రాడు "ఏ తూటా వేసినా తినేస్తుంది" అన్నాడు. మా ఆవిడకు మిక్సీ అమ్మినవాడూ పప్పుల గురించి ఇదే మాట అన్నాడు, నాకప్పుడే అనుమానం రావాల్సింది. "మొదట్లో కాస్త బ్రేక్ ఇన్ చెయ్యాలి" అని కూడా అన్నాడు, ఫోన్ చూసుకుంటూ.

నా కొంప ముంచింది ఆ ఒక్క మాటే. కొత్తదాన్ని అలవాటు చెయ్యడమంటే మనకు తెలిసిన పద్ధతి ఏమిటి? మెల్లగా. నాన్నగారు చేతక్ స్కూటర్ కొన్న కొత్తలో మొదటి సర్వీసు దాకా నలభై దాటనివ్వలేదు, సైకిళ్లవాళ్లు బెల్లు కొట్టి మరీ మమ్మల్ని దాటిపోయేవారు. అదే లెక్కన అరలో అన్నిటికంటే తేలిక తూటాలు, ఒక్కోదాంట్లో సుమారు 25 గ్రాముల సీసం ఉండేవి ఏరి ఏరి పది పెట్టెలు, అంటే 250 కొన్నాను. ఎక్కువ కొంటే తగ్గింపు ఉంది మరి. ఇంటికొచ్చాక మా ఆవిడ కొత్త కారుకు పెట్టినట్టే దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో దట్టించిన జిడ్డును మాత్రం ఎవ్వరం తుడవలేదు.

ఇక శనివారం. ఐదుగురం వరసగా నిలబడ్డాం. అన్నయ్య రెండో స్థానం, నేను మూడు, నా కుడిపక్క నాలుగులో పెద్ద టోపీ, తెల్లమీసాల పెద్దాయన. ముందు పదహారు గజాల దూరంలో ఒక గుంట, అందులో యంత్రం. వరస ప్రకారం ఒక్కొక్కరు "పుల్" అని అరిస్తే 108 మిల్లీమీటర్ల పళ్లెం రివ్వున ఎగురుతుంది. పూర్వం ఎవరో ఒకరు కూర్చుని బటన్ నొక్కేవారట. ఇప్పుడు ప్రతి ఒక్కరి ముందూ చిన్న కర్రకు మైకు ఉంటుంది. ఏ భాష, ఏ మాట అన్నది ఆ మైకుకు అనవసరం. చప్పుడు వినపడిందా, పిట్ట లేచింది.

నా వంతు వచ్చింది. పుల్ అన్నాను, కాల్చాను, తప్పింది. అది పర్వాలేదు. నాది గ్యాసుతో నడిచే సెమీ ఆటోమేటిక్, తూటా పేలిన గ్యాసులో కొంత గొట్టంలోని చిన్న కన్నాల్లోంచి వెళ్లి పిస్టన్ని వెనక్కి తన్నాలి, దాంతోపాటు బోల్టు (గొట్టం వెనక మూసి ఉండే ఇనప దిమ్మ) వెనక్కి పోవాలి, ఖాళీ డొల్ల ఎగిరి బయట పడాలి. నా డొల్ల సగం బయటికొచ్చి గుమ్మంలో ఇరుక్కున్న బీరువాలా నిలబడిపోయింది.

"అయ్యో" అన్నాను.

పిట్ట ఎగిరింది. పెద్దాయన తుపాకీ ఇంకా భుజానికే ఎత్తలేదు. స్కోరు రాసేవాడు "నో బర్డ్" అన్నాడు. పిలవకుండా ఎగిరినదానికి లెక్క లేదు.

ఇక్కడ భాష గురించి ఒక మాట చెప్పాలి. ఈ దేశంవాళ్లు చిరాకొస్తే పళ్లు బిగించి గొణుక్కుంటారు, మైకుకు వినపడదు. మనకు అయ్యో, అబ్బా, అమ్మా, అప్పా, అన్నీ నోరు బార్లా తెరిస్తే గానీ పలకని మాటలు. పెదాలు మూసి బాధపడే సౌకర్యం మనవాళ్లు పెట్టలేదు. రెండోసారి డొల్ల ఇరుక్కున్నప్పుడు గొట్టం పొలంవైపే ఉంచి వేలితో పీకబోయాను, అది వేడిగా ఉంది, చెయ్యి జారింది, బోల్టు ఠప్పున వచ్చి బొటనవేలి మీద పడింది. "అమ్మా!" అన్నాను. ఆ రోజు ఎగిరినవాటన్నిటిలోకీ అందమైన పిట్ట అది.

మూడోసారి పెదవి కరుచుకుని, కన్నీళ్లు ఆపుకుని, చప్పుడు లేకుండా డొల్ల బయటికి లాగాను. నా నిగ్రహానికి నేనే మెచ్చుకుని పెద్దాయనవైపు తిరిగి "సారీ" అన్నాను. పిట్ట ఎగిరింది. దానికి అన్నయ్య నవ్వాడు. ఆయన మైకు ఆయనకుంది కదా, ఇంకోటి ఎగిరింది. నాలుగోసారి నేను నోరెత్తలేదు, కానీ డాలస్ గాలిలో ఉన్న ఎలర్జీలన్నీ నా ముక్కులోనే కాపురం ఉంటాయి, ఒకే ఒక్క తుమ్ము వచ్చింది. మా అమ్మమ్మ ఉంటే ఒంటి తుమ్ము, బయల్దేరొద్దు అనేది. పిట్ట బయల్దేరింది.

పెద్దాయన తుపాకీ తెరిచి చేతి మీద వేసుకుని, మైకుకు పది అడుగులు వెనక్కి నడిచి, నన్నూ రమ్మని సైగ చేసి, గుసగుసగా "కొత్తదా?" అని అడిగాడు. అవునన్నాను. నా తూటా పెట్టె తీసుకుని చూశాడు. "ఇవి మా మనవరాలు కాలుస్తుంది" అన్నాడు. ఎగతాళి చేశాడనుకుందామంటే ముఖం మామూలుగానే ఉంది, అదే ఎక్కువ బాధ. స్ప్రింగులు బిరుసుగా ఉంటాయట, లోపల జిడ్డు ఉంటుందట, తేలిక తూటా గ్యాసుకు వాటిని కదిపే బలం చాలదట. మొదట్లో బరువైనవి కాల్చి అరగదీస్తేనే తర్వాత తేలికవాటికి లొంగుతుందట. అంటే చేతక్‌కు పూర్తిగా తలకిందులు. మెల్లగా కాదు, మొదటిరోజే గేర్లన్నీ వేసి ఘాట్ రోడ్డు ఎక్కించాలన్నమాట.

స్కోరు 25కి 6. ఇంటికొచ్చాక మాన్యువల్ తీశాను. మొదటి పేజీలోనే, లావు అక్షరాల్లో ఉంది: ముందు జిడ్డు తుడవాలి, మొదటి వంద వేట తూటాల్లాంటి బరువైనవి కాల్చాలి. బాగానే ఉంది. మేం వెళ్లేచోట గేటు దగ్గర బోర్డు మీద ఏముందో తెలుసా? 32 గ్రాములకు మించిన తూటా వాడరాదు. మరి ఆ వంద నేనెక్కడ కాల్చాలి, మా కాలనీ పార్కులోనా? పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు. చివరికి ఆదివారం అంతా జిడ్డు తుడిచి (బొట్టు కూడా పోయింది, మా ఆవిడతో అదో గొడవ), 32 గ్రాములవి రెండు పెట్టెలు కాలిస్తే గానీ దారికి రాలేదు. ఇప్పుడు డొల్లలు ఎంత బాగా ఎగురుతున్నాయంటే కుడిపక్కవాళ్ల టోపీల మీద పడుతున్నాయి. అది వేరే కథ.

దుకాణానికి ఫోన్ చేశాను. తూటాలు ఒకసారి అమ్మితే వెనక్కి తీసుకోరట. "బ్రేక్ ఇన్ చెయ్యాలని చెప్పాను కదా" అన్నాడు ఆ కుర్రాడు. ఎలా చెయ్యాలో చెప్పావా నాయనా అంటే "మాన్యువల్లో ఉంటుంది" అన్నాడు.

ఇంకా తొమ్మిది పెట్టెలున్నాయి. అన్నయ్యగారి ఇటలీ తుపాకీ వాటిని హాయిగా తింటుందట, సగం ధరకు ఇచ్చెయ్యమని రోజూ మెసేజ్ పెడుతున్నాడు. గరాజ్‌లో సోనామసూరి బస్తాల వెనక దాచాను.