వెన్నెముక లేని పరుపు కావలెను

తిరుపతి బైరాగిపట్టెడలో కాపురం ఉంటూ రిమోట్ మంచం కొన్నవాడిని నేను. పేటకి పేరిచ్చిన బైరాగులు చూస్తే నవ్వుకుంటారేమో గానీ, తప్పు నాది కాదు, నా కడుపుది. రాత్రి తిన్న పప్పుచారు తెల్లవారుజామున గొంతులోకొచ్చి పలకరిస్తుంటే, తల వైపు ఎత్తు పెట్టుకుని పడుకోమన్నారు డాక్టరు గారు. ఎంత ఎత్తని అడిగాను. జానెడు చాలన్నారు. ఆ జానెడు కోసం రెండు మోటార్లు, ఒక రిమోటు, ఇరవై నాలుగు నెలల వాయిదాలు మా ఇంటికి నడిచొచ్చాయి.

మంచం సరే, దాని మీదికి పరుపేది? పెళ్లిలో మా అత్తగారు పెట్టిన స్ప్రింగు పరుపు ఉండనే ఉంది. పంతొమ్మిదేళ్లుగా అది మా ఇంట్లో పరుపు కాదు, పరువు. దాన్ని తీసేద్దామని నేను నోరు తెరిచిన రోజుల్లో మా ఇంట్లో అన్నం ఆలస్యంగా ఉడికేది. కాబట్టి దాన్నే కొత్త మంచం మీదికి ఎక్కించాం.

రాత్రి పదింటికి బటన్ నొక్కాను. మంచం తల వైపు నెమ్మదిగా లేచింది. పరుపు వంగలేదు. తలుపు చెక్కలాగా మొత్తంగా లేచి, అటు తల దగ్గర, ఇటు కాళ్ల దగ్గర ఆనుకుని, నడుమ గాల్లో నిలబడింది. కింద ఏర్పడిన సందులో పిల్లి దూరి కూర్చుంది. నేను జారుడుబల్ల మీది పిల్లాడిలా కాళ్ల వైపు ప్రయాణం మొదలుపెట్టాను. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కుతూ మోకాళ్ల పర్వతం దగ్గర కూలబడ్డ భక్తుడు కూడా ఆ రాత్రి నాకంటే సుఖంగానే ఉండుంటాడు.

మూడో రోజు పరుపు లోపల ఖంగుమని ఏదో మోగింది. మంచాన్ని కిందికి దించాను. పరుపు దిగలేదు. పైవాడికి దణ్ణం పెట్టి, నిటారుగా నిలబడడం మర్చిపోయిన గుమాస్తాలా సగం లేచి అలాగే ఉండిపోయింది.

ఇక్కడే ఈ వ్యాసకర్తలో పరిశోధకుడు మేలుకున్నాడు. పరుపులు కుట్టే ఒక పెద్దాయన్ని పిలిచి, అత్తగారి పరుపుకి శవపరీక్ష చేయించాను. (మా ఆవిడ ఆ పూట పుట్టింట్లో ఉంది. ఇలాంటి పరిశోధనలకి ముహూర్తం ముఖ్యం.) ఆయన కత్తెరతో అంచు కోసి, పైగుడ్డ తీసి, ఫోమ్ తీసి, దాని కింది కొబ్బరిపీచు పలక తీసి, "ఇదో చూడండి స్వామీ, మీ మంచానికి శత్రువు" అని చూపించాడు. పరుపు చుట్టూ, పైన ఒకటి కింద ఒకటి, చిటికెన వేలిలో సగం లావున రెండు ఇనుప చట్రాలు. వ్యాపారంలో దాన్ని బార్డర్ రాడ్ అంటారట. లోపల స్ప్రింగులన్నీ ఢమరుకం ఆకారంలో, పైనా కిందా వెడల్పు, నడుమ సన్నం. ఇవి బోనెల్ స్ప్రింగులు. పక్కపక్క ఢమరుకాలన్నిటినీ సన్నటి మెలికల తీగలతో కుట్టి, ఆ కుట్టు చివరల్ని తీసుకెళ్లి చట్రానికి బిగిస్తారు. ఉమ్మడి కుటుంబమన్నమాట. ఒకరు ఒత్తిగిలితే అందరూ కదలాలి, ఎవరికి వంగాలనిపించినా చుట్టూ ఉన్న పెద్దరికం ఒప్పుకోదు.

చదునుగా ఉన్న మంచం మీద ఆ పెద్దరికం మంచిదే. అంచు తీరుగా ఉంటుంది, షాపులో నిలబెడితే అందంగా ఉంటుంది. వంగే మంచం మీద మాత్రం అది రెండే పనులు చేయగలదు. ఒకటి, వంగకపోవడం. రెండు, ఒకసారి వంగాక మళ్లీ తిన్నగా కాకపోవడం. నా పరుపు మూడు రోజుల్లో రెండూ చేసి చూపించింది.

లోపం పరుపుదే అనుకుని, పరిహారం కోసం ఒక పరుపుల షాపుకి వెళ్లాను. అక్కడి కుర్రాడు పిడికిలితో పరుపుని గుద్ది, "సౌండ్ విన్నారా సార్, గట్టి సరుకు, ఆర్థో" అన్నాడు. పుచ్చకాయని కొట్టి కొనే జాతి మనది. పరుపునీ అలాగే కొంటాం. గట్టిగా ఉంటే మన్నుతుందని, బరువుగా ఉంటే డబ్బుకి తగ్గ విలువని, వంగితే నాసిరకమని మన నమ్మకం. అదే నిజమైతే కడప రాయికి మించిన పరుపు లేదు, దానికి వాయిదాలు కూడా ఉండవు. "రిమోట్ మంచం మీదికి వస్తుందా?" అని అడిగాను. "ఎందుకు రాదు సార్, పదేళ్ల వారంటీ" అని కార్డు చేతిలో పెట్టాడు. కార్డు వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఉంది: పరుపును మడిచినచో, వంచినచో వారంటీ వర్తించదు. ఇంకో నిబంధన మరీ ముచ్చటగా ఉంది. గుంత పడిందని ఫిర్యాదు చేయాలంటే, మీద ఎవరూ లేనప్పుడు కూడా ఆ గుంత అంగుళంన్నర లోతు కనిపించాలట. అంటే నేను పడుకున్నప్పుడు నడుము కిందికి దిగబడితే అది నా బరువు. నేను ఊళ్లో లేనప్పుడూ దిగబడి ఉంటేనే పరుపు లోపం.

ఇక చరిత్ర. నడుమ విరిగి లేచే ఆసుపత్రి మంచాన్ని అమెరికాలో విల్లిస్ గ్యాచ్ అనే సర్జన్ 1909 ప్రాంతంలో తయారుచేశాడు. ఇప్పటికీ దాన్ని గ్యాచ్ మంచం అనేవాళ్లున్నారు. అంతకంటే ముందే, 1900 ప్రాంతంలో, జేమ్స్ మార్షల్ అనే ఇంజనీరు ఒక్కో స్ప్రింగునీ ఒక్కో గుడ్డ సంచిలో పెట్టి కుట్టే పద్ధతికి పేటెంటు పొందాడు. ఈనాటి పాకెట్ స్ప్రింగుకి మూలం అదే. అంటే వంగే మంచమూ, వంగగల పరుపూ దాదాపు ఒకే కాలంలో పుట్టాయి. మా షాపు కుర్రాడి దాకా ఆ సంగతి వచ్చి చేరడానికి 100 ఏళ్లు చాల్లేదు.

ఈ మాట మా వీధి చివర టీ కొట్టు దగ్గర చెప్పగానే ఒక పెద్దమనిషి, "ఇవన్నీ మన పురాణాల్లో ఎప్పుడో ఉన్నాయి" అన్నాడు. నేను వెంటనే ఒప్పేసుకున్నాను. ఆదిశేషుడు. చుట్టలు చుట్టిన శరీరం, కావాల్సినంత లేచే తల వైపు, మోటారు శబ్దం లేదు, కరెంటు పోయినా ఇబ్బంది లేదు. ఇంజనీరింగు దృష్టితో చూస్తే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. ఆ చుట్టల చుట్టూ ఇనుప చట్రం లేదు. ఉండుంటే పాలసముద్రంలో ఆ మొదటి రాత్రే ఖంగుమని మోగేది. మా ఊరి గోవిందరాజస్వామి కూడా శేషుడి మీదే పడుకుని ఉంటాడు. 1130లో రామానుజులు ప్రతిష్ఠించారని చెబుతారు. తమ్ముడు పెళ్లికి చేసిన కుబేరుడి అప్పు తీర్చడానికి డబ్బు కొలిచి కొలిచి అలిసిపోయి, ఆ కొలిచిన కుంచాన్నే తల కింద పెట్టుకున్నాడని కథ. వడ్డీ బాధ ఉన్నవాడికి మెత్తటి దిండు ఏం ఆనుతుంది?

సరే, విమర్శించడం ఎవరికైనా చేతనవుతుంది. పరిశ్రమ వారి పరిశీలనకి నా ముసాయిదా ఇదిగో.

మొదట మందం. ఈమధ్య పరుపులు పెళ్లి కేకుల్లా ఎత్తు పెరుగుతున్నాయి. మంచం తల లేచినప్పుడు పరుపు పైభాగం కుంచించుకోవాలి, కింది భాగం సాగాలి. తల వైపు 60 డిగ్రీలు లేస్తే, 30 సెంటీమీటర్ల మందం పరుపులో కింది గుడ్డకీ పై గుడ్డకీ మధ్య లెక్క ప్రకారం 31 సెంటీమీటర్ల తేడా రావాలి. మందం 20 అయితే ఆ తేడా 21కి దిగుతుంది. ఈ తేడా ఎక్కడో ఒకచోట సర్దుకోవాలి కదా. స్ప్రింగులు పక్కకి వాలి కొంత సర్దుతాయి, గుడ్డ సాగి కొంత సర్దుతుంది, ఏవీ సర్దకపోతే జిగురు ఊడి సర్దుతుంది. కాబట్టి కింది గుడ్డ బనియన్ బట్టలా సాగేదై ఉండాలి. టెంటు గుడ్డలాంటిది వేసి, అది జారకుండా రబ్బరు చుక్కలు అంటించి, "ప్రీమియం" అని రాస్తే కుదరదు. జారకుండా ఆపడానికి మంచం కాళ్ల వైపు వంపు తిరిగిన కమ్మీ ఒకటి ఉంటుంది, ఆ పని దానిది.

తర్వాత తీగ. గేజీ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. ఎంసెట్ ర్యాంకులాగా, అంకె పెద్దదైతే సంతోషించకూడదు. కానీ లావు తీగే గొప్పదనుకున్నా పొరపాటే. స్ప్రింగు బిగువు తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 1.8 మిల్లీమీటర్ల తీగ తీసేసి 2 మిల్లీమీటర్లది వేస్తే, మిగతా కొలతలు అవే ఉంచినా, బిగువు ఒక్కసారిగా సగం పైన పెరిగి కూర్చుంటుంది. షాపులో పిడికిలికి సంతోషం, ఇంట్లో భుజానికి నరకం. తీగలో కర్బనం తగినంత ఉండాలి, చుట్టాక వేడిచేసి చల్లార్చాలి. చుట్టేటప్పుడు తీగలో మిగిలిపోయిన బిగింపుని ఆ వేడి వదిలిస్తుంది. అది చేయని స్ప్రింగు ఏడాది తిరక్కుండానే ఎత్తు తగ్గుతుంది. సెంట్రింగు పనివాళ్లు కట్టే మెత్తటి తీగని నాలుగుసార్లు అటూ ఇటూ వంచి చూడండి, అలసట అనేది ఇనుముకీ ఉంటుందని తెలుస్తుంది.

ఎవరి సంచిలో వాళ్లుండే పాకెట్ స్ప్రింగులే ఈ మంచానికి తగినవి. వాటి వరసలు అడ్డంగా పెట్టి, మడత పడేచోట వరసకీ వరసకీ మధ్య జిగురు పొదుపుగా వాడాలి. మన దగ్గర జిగురుని సాంబారులా పోస్తారు. విడివిడిగా ఉండడానికి సంచుల్లో పెట్టిన వాటిని మళ్లీ ఒకే బండగా అంటించేస్తారు. ఏడు జోన్లు అని ఇంకో మాట ఉంది. భుజాల దగ్గర మెత్తన, నడుము దగ్గర బిగువు, ఇలా. ఏడుకొండలున్న ఊళ్లో ఏడు అనే అంకెకి ఎదురు చెప్పే ధైర్యం నాకు లేదు గానీ, ఆ జోన్లు మంచం మడత పడే చోటికి సరిపోవాలి, తలాకాళ్లూ తిప్పి వేసినా సరిపోవాలి.

అంచు సంగతి మర్చిపోలేదు. చట్రం తీసేస్తే అంచు కుంగుతుంది. తెలుగిళ్లలో మంచం అంచంటే సోఫా. వచ్చిన మనిషి కుర్చీ వదిలేసి దాని మీదే కూర్చుంటాడు. అందుకని చుట్టూ గట్టి ఫోమ్ కట్టాలి, లేదా అంచు వరసల్లో కాస్త లావు తీగ స్ప్రింగులు వేయాలి. మోయడం చేతకావాలి, వంగడమూ చేతకావాలి.

ఇక మన్నిక పరీక్ష. అమెరికా ప్రమాణాల సంస్థ ఎఎస్‌టిఎం పద్ధతిలో దాదాపు 109 కిలోల ఆరు పలకల దిమ్మెని పరుపు మీద లక్ష సార్ల దాకా దొర్లిస్తారు. యూరప్ వాళ్లది 30,000తో సరి. ఇవి చదివి నేను చిన్నగా నవ్వుకున్నాను. తిరుపతిలో ఇల్లున్నవాడికి వీటి గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. దర్శనం టికెట్టు దొరకని బంధువుకైనా మా ఇంట్లో పడక ఎప్పుడూ కన్ఫర్మే. తెల్లవారుజామున రెండింటికి లేచి వెళ్లేవాళ్లు, అర్ధరాత్రి దిగొచ్చేవాళ్లు. ఏకాంత సేవకీ సుప్రభాతానికీ మధ్య కొండ మీద స్వామికి దొరికేపాటి నిద్రే కింద మా ఇంటికీ దొరుకుతుంది. ఒక పరుపు మీద నిలువుగా ఇద్దరు పట్టేచోట అడ్డంగా అయిదుగురు. గుండు గీయించుకున్న తల మీది చందనం దిండుకీ, పగిలిన లడ్డూ నెయ్యి పరుపుకీ. ఆ 109 కిలోలకి మా పెద్దమామ ఒక్కడే చాలు, పైగా ఆయన దిమ్మెలా పద్ధతిగా దొర్లడు, పడతాడు.

కానీ ఆ దిమ్మె దొర్లేది చదునుగా పరచిన పరుపు మీద. రోజుకి రెండుసార్లు లేచి దిగే మంచం పదేళ్లలో 7,300 సార్లు మడత పడుతుంది. ఆ మడతలు లెక్కపెట్టి చూపించిన వారంటీ కార్డు నాకింకా ఎదురుపడలేదు. మా ఇంట్లో ఆ లెక్క ఇంకా తొందరగా పూర్తవుతుంది లెండి. మొన్న శనివారం మదనపల్లి నుంచి వచ్చిన మా బామ్మర్ది పిల్లల చేతికి రిమోటు చిక్కింది. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా 64 సార్లు లేపారు. చివరి పదీ ఎదురింటి పిల్లలకి టికెట్టు పెట్టి.

ఇంత ముసాయిదా రాసి, కొత్తగా పాకెట్ స్ప్రింగు పరుపొకటి, ఎనిమిది అంగుళాలది, చట్రం లేనిది, చెప్పి చేయించుకుని వేశాను. రాత్రి బటన్ నొక్కాను. మంచం లేచింది, పరుపూ లేచింది. నేను జారలేదు. ఇంటిల్లిపాదీ చూస్తుండగా తల జానెడు ఎత్తున పెట్టి, శాస్త్రవేత్తలా చేతులు కట్టుకుని పడుకున్నాను.

కింద చాప మీద పడుకున్న మా అవ్వ కళ్లు తెరిచి చూసింది. ఎనభై ఎనిమిదేళ్లలో ఆమె చాప దాటి పైకి ఎక్కింది ఆసుపత్రిలో ఒక్కసారే.

"ఒరే అబ్బోడా, తల ఎత్తుగా ఉండాలంటే మంచం కాళ్ల కింద రెండు ఇటుకలు పెట్టుకుంటే చాలదంట్రా?"

ఆ ప్రశ్న ఈ వ్యాసం పరిధిలోకి రాదని చెప్పాను.

"గోవిందరాజులికి కుంచం సరిపోయింది కదా, నీకేం తక్కువైంది?"

"ఆయన కొలిచేది అయిపోయిందవ్వా," అన్నాను. "నాకింకా పద్నాలుగు వాయిదాలున్నాయి."