కొండెక్కిన పరుపులు

కోనసీమలో పుట్టినవాడికి ఎత్తు అంటే ఏటిగట్టు. అంతకు మించిన ఎత్తు కావాలంటే కొబ్బరిచెట్టు ఎక్కాలి. అలాంటి నేల మీంచి ఈ కార్తీకంలో పదకొండు మోటార్‌సైకిళ్ళు మారేడుమిల్లి కొండల మీదికి దండయాత్రకు బయల్దేరాయి. నేను ప్రత్యక్ష సాక్షిని. బైక్ మీద కాదండోయ్, వెనకాల వచ్చిన టాటా ఏస్‌లో, పదకొండు పరుపుల మధ్య. పిల్లల వెంట పెద్దదిక్కుగా వెళ్ళమని మా వదిన ఆజ్ఞ.

అవును, పరుపులే. బైక్ క్యాంపింగ్ అంటే మనిషి, బండి, ప్రకృతి, అంతేనని మా అన్నయ్య కొడుకు వారం రోజులు నాకు క్లాసు పీకాడు. తీరా చూస్తే వ్యాన్‌లో పరుపులు, దిళ్ళు, ఆరు నీళ్ళ టిన్నులు, గ్యాస్ పొయ్యి, ఇన్వర్టర్ బ్యాటరీ, ఒక వంటమనిషి.

“మరి మీ బళ్ళ మీద ఏముందిరా?”

“మేమున్నాం కదా బాబాయ్!”

1922లో అల్లూరి సీతారామరాజు వెంట రంప పితూరీ, అదే తెల్లవాళ్ళ మీద తిరుగుబాటు, నడిపినవాళ్ళు ఈ కొండల్లోనే కాలినడకన తిరిగారు. వాళ్ళ వెనకాల పరుపుల బండి వచ్చినట్టు ఎక్కడా చదవలేదు. పాపం, ప్లానింగ్ లేని మనుషులు.

కార్తీకంలోనే ఎందుకంటే మంచు, మబ్బులు, సూర్యోదయం అంటారు. అసలు సంగతి నాకు తెలుసు. ఈ నెల్లాళ్ళూ మా ఇళ్ళల్లో నీసు పొయ్యెక్కదు. మారేడుమిల్లిలోనేమో రోడ్డు పక్కనే మసాలా పట్టించిన కోడిని వెదురు బొంగులో కూరి, ఆకులు కుక్కి, నిప్పుల మీద కాలుస్తుంటారు. మా వదిన చూపు ఎంత గట్టిదైనా 150 కిలోమీటర్లు ఆనదు కదా.

తెల్లారగట్ల మూడింటికి, సైలెన్సర్లు మార్పించుకున్న బళ్ళు ఒక్కసారి గర్జించాయి. రావులపాలెం, రాజమండ్రి, గోకవరం, రంపచోడవరం... నిద్రపోతున్న ఊళ్ళని పేరుపేరునా లేపుకుంటూ వెళ్ళాం. హెల్మెట్లు మాత్రం అందరూ పెట్టుకున్నారు. లేకపోతే కెమెరా ఎక్కడ బిగిస్తారు?

సాయంత్రం ఒక వాగు పక్కన డేరాలు వేసే ఘట్టం మొదలైంది. పదకొండు మందిలో తొమ్మిది మంది ఇంజనీర్లు. మొదటి డేరా పుట్టగొడుగులా లేచి, దండం పెట్టి పడుకుంది. రెండోదాన్ని లోపల మనిషితో సహా తిరగేసి కట్టారు. మూడోదానికి ఒక కడ్డీ మిగిలింది. ఆ కడ్డీ ఎక్కడిదో తేల్చడానికి యూట్యూబ్ చూద్దామంటే సిగ్నల్ లేదు. సిగ్నల్ కోసం ఒకడు గుట్ట ఎక్కాడు. వాడు దారి తప్పితే వెతకడానికి ఇద్దరు వెళ్ళారు. చీకటి పడుతోంది. కడ్డీ మాత్రం చేతులు మారుతూనే ఉంది.

ఇదంతా అక్కడి కొండరెడ్డి తెగ పెద్దాయన ఒకాయన భుజాన కత్తితో నిలబడి చాలాసేపు చూశాడు. చివరికి నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు.

“గోదారొచ్చిందా బాబూ? ఇళ్ళు పోయాయా?”

1986 ఆగస్టు వరదకి ఏటిగట్టు మీద టార్పాలిన్ కింద పడుకున్నవాణ్ణి. ఆయన ప్రశ్నలో నాకు తప్పేమీ కనబడలేదు. లేదండీ, సరదాకి వచ్చారని చెప్పాను. ఆయన నమ్మలేదు. రెండు వెదురు గడలు నరికి తెచ్చి, డేరా నిలబెట్టి, జాలిగా చూసి వెళ్ళిపోయాడు.

ఇంతవరకూ నవ్వుకున్నాను. రాత్రి మాత్రం నవ్వు రాలేదు. తాగిన సీసాలని వాగులో బండకేసి కొట్టడం ఒక పందెం అట. పగిలినప్పుడల్లా ఈలలు. వద్దురా అంటే “చిల్ బాబాయ్” అన్నారు. తెల్లారి ఇద్దరు ఆడపిల్లలు బిందెలతో ఆ వాగులోకే దిగబోయారు. కాళ్ళకి చెప్పులు లేవు. నేను పరిగెత్తుకెళ్ళి ఆపాను. ఒరేయ్ వెధవల్లారా, మీ అమ్మ నీళ్ళు పట్టే కుళాయి దగ్గర గాజుపెంకులు పోస్తే ఊరుకుంటారా? మీరు నీళ్ళ టిన్నులు కొనుక్కొచ్చారు. వాళ్ళకి ఉన్నది ఆ వాగే కదరా! మా తాతలు కూడా కార్తీకంలో వనభోజనాలకి వెళ్ళారు. ఉసిరిచెట్టు కింద తిన్న విస్తరాకుని ఆవు తినేసేది. మీ సీసాని ఏ ఆవు తింటుంది?

మోకాళ్ళ లోతు నీళ్ళలో గంటన్నర ఏరాను. వంటమనిషి సాయం పట్టాడు. పదకొండు మందీ ఆ గంటన్నర మంచులో ఫోటోలు దిగారు.

ఇంటికి రాగానే మా వదిన అడిగింది, “ఏం తిన్నార్రా?” అని. “పులిహోరమ్మా” అన్నాడు మావాడు, కళ్ళు ఆర్పకుండా. ‘ప్రకృతి ఒడిలో’ అని పెట్టిన ఫోటోకి అప్పటికే వందల లైకులు. గాజుపెంకుల బస్తా మా పెరట్లో, అరటిచెట్టు పక్కన ఉంది. ఎవరిది వాళ్ళు వచ్చి పట్టుకెళ్ళచ్చు.