క్లౌన్ ఫిష్ మేత గురించి తిరుగుతున్న ఆ మెసేజ్ నమ్మకండి

"నీమో చేపలు పెంచడం చాలా ఈజీ" (నీమో అంటే క్లౌన్ ఫిష్, నారింజ రంగు మీద తెల్ల చారలుండే సముద్రపు చేప) అని ఒక మెసేజ్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది, మా బంధువుల్లోనే ముగ్గురు నాకు పంపారు. చేప అద్దం దగ్గరికొచ్చి గంతులేస్తే ఆకలేసినట్టే, అప్పుడల్లా మేత వేయాలట. ఉప్పునీళ్ళు కాబట్టి మిగిలిన మేత కుళ్ళదట. గోల్డ్ ఫిష్ మేత చాలట, ఎనిమోన్ (ఈ చేప దాక్కునే, పువ్వులా కనిపించే సముద్ర జీవి) ఉంటే అదీ అక్కర్లేదట, ఊరెళ్తే ఫీడింగ్ బ్లాక్ (నీళ్ళలో మెల్లగా కరుగుతూ మేత వదిలే గట్టి ముద్ద) ఒకటి పడేస్తే సరిపోతుందట. ఆరేళ్ళుగా ఒక జతని పెంచుతున్నా, ఇవి చదివితే ప్రాణం ఉసూరుమంది.

ముందు ఆకలి సంగతి. మా ఆడచేప (జతలో పెద్దది ఆడదే) నేను గదిలో అడుగుపెడితే చాలు అద్దానికి అతుక్కుని ఒళ్ళంతా ఊపేస్తుంది, తిన్న పది నిమిషాలకి వెళ్ళినా అదే వరస. మనిషి కనిపిస్తే మేత పడుతుందని దానికి అలవాటైపోయింది, అంతే. పెద్దవాటికి రోజుకి రెండుసార్లు, పిల్లచేపలకి మూడు నాలుగుసార్లు, అదీ ఒకటి రెండు నిమిషాల్లో తినేసేంత వేస్తే చాలు.

అన్నిటికంటే ప్రమాదం ఆ ఉప్పు మాట. ఆవకాయ పాడవదు కదా, ఇదీ అంతే అనుకుంటున్నారు, కానీ సముద్రపు నీళ్ళలో లీటరుకి ఉండేది సుమారు 35 గ్రాముల ఉప్పు, ఆవకాయలో వేసేది దానికంటే చాలా ఎక్కువ, పైగా ఈ నీళ్ళలోనే హాయిగా బతికే బ్యాక్టీరియా బోలెడంత ఉంటుంది. మేత కుళ్ళితే అమ్మోనియా పుడుతుంది. ఉప్పునీళ్ళ ట్యాంకులో పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) 8.1 నుంచి 8.4 దాకా ఉండాలి, పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియాలో విషంగా పనిచేసే వాటా కూడా పెరుగుతుంది, అందుకే పీహెచ్ 7 ఉన్న మంచినీళ్ళ ట్యాంకులో చేప తట్టుకునే మోతాదే ఇక్కడ ప్రాణం తీయొచ్చు. మొదటి ఏడాది మా ఇంటికొచ్చిన ఒక పిల్లాడు ముద్దొచ్చి గుప్పెడు పెల్లెట్స్ (మేత గుళికలు) వేసేశాడు, తెల్లారి చూస్తే నీళ్ళు పలచటి పాలలా ఉన్నాయి, రెండు చేపలూ పైకి తేలి మొప్పలు టపటపా కొట్టుకుంటున్నాయి. అప్పటికప్పుడు సగం నీళ్ళు మార్చి ఎలాగో బతికించుకున్నాం.

గోల్డ్ ఫిష్ మేత ఒకటి రెండుసార్లు తింటే చావదు, కానీ రోజూ అదే పెడితే లోపల్లోపలే బలహీనపడిపోతుంది. సముద్రపు చేపలకి కావలసిన ఈపీఏ, డీహెచ్ఏ అనే ఒమేగా 3 కొవ్వుల్ని అవి ఒంట్లో సరిపడా తయారుచేసుకోలేవు, తిండిలోంచే రావాలి. మేతగా అమ్మే సన్నటి పురుగులు ట్యూబిఫెక్స్, బ్లడ్ వార్మ్స్ కూడా మంచినీళ్ళవే. మెరైన్ పెల్లెట్స్, ఫ్రోజెన్ మైసిస్ (గడ్డకట్టించి అమ్మే చిన్న రొయ్యల్లాంటి జీవులు) మార్చి మార్చి పెట్టండి, మధ్యమధ్యలో కాస్త స్పిరులినా (ఒక రకం నాచు) ఉన్న మేత కూడా, ఎందుకంటే ఇవి నాచు కూడా తింటాయి. మైసిస్ క్యూబ్‌లో పావు ముక్క మా జతకి ఎక్కువే. చిన్న స్టీలు గిన్నెలో ట్యాంకు నీళ్ళు పోసి కరగనిస్తా, ఆ నీళ్ళు పారబోసి మైసిస్ మాత్రమే సిరంజితో కొంచెం కొంచెం వదుల్తా.

ఎనిమోన్ మేత పెడుతుందన్నది పూర్తిగా తలకిందుల మాట. అది చేపకి ఇచ్చేది రక్షణ. సముద్రంలో క్లౌన్ ఫిష్ ముఖ్యంగా నీళ్ళలో కొట్టుకొచ్చే సన్నటి ప్లాంక్టన్ (చిన్న చిన్న జీవులు) తింటుంది, మన ట్యాంకులో అదెక్కడిది? నిజానికి మా చేప పెద్ద రొయ్యముక్క దొరికితే నోట కరుచుకుని తీసుకెళ్ళి ఎనిమోన్ మీద పడేస్తుంది. హ్యాచరీలో పుట్టిన చేపలైతే ఎనిమోన్ లేకుండానే ఏళ్ళ తరబడి బతుకుతాయి, ఎనిమోన్‌కి కావలసినంత లైటింగ్ పెట్టలేకపోతే అది కొనకండి, చచ్చిందంటే ట్యాంకంతా పాడవుతుంది.

ఇక బ్లాకులు, వాటిలో చాలావరకు మంచినీళ్ళ చేపల కోసం చేసినవే. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప రెండు మూడు రోజులు తినకపోయినా ఏం కాదు. వారం పైన వెళ్తుంటే పక్కింటివాళ్ళకి ఏ రోజుది ఆ రోజుకి చిన్న పొట్లాలు కట్టి ఇచ్చి, మిగతా డబ్బా వాళ్ళకి కనపడకుండా దాచేసి వెళ్ళండి.