జూనియర్ హాకీ హెడ్ కోచ్ కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టాలి?

కెనడా జూనియర్ ఐస్ హాకీలో హెడ్ కోచ్ పోస్టు ఎక్కడ ఖాళీ అయినా ముందుగా వినబడేది ఎన్‌హెచ్ఎల్‌లో (ఉత్తర అమెరికాలో అన్నిటికంటే పెద్ద ప్రొఫెషనల్ లీగ్) ఆడి రిటైరైన ఎవరో ఒక పెద్దాయన పేరు. ఒకప్పుడు అదే ఊరి టీమ్‌కి ఆడి ఉంటే ఇక అడగక్కర్లేదు, ఇంటర్వ్యూ కూడా లాంఛనమే అన్నట్టు మాట్లాడతారు. ఫ్యాన్స్‌కి సంబరం, ఓనర్‌కి సీజన్ టికెట్లు, లోకల్ పేపర్‌కి మంచి ఫొటో. అక్టోబర్ దాకా అంతా బాగానే ఉంటుంది. నా లెక్కలో మాత్రం ఈ పనికి మనిషిని వెతకాల్సిన చోటు అది కాదు. చిన్న లీగుల్లోనూ యూనివర్సిటీల్లోనూ ఏళ్ళ తరబడి టీమ్ మొత్తం బరువు మోసినవాళ్ళు ఉన్నారు, ముందు వాళ్ళకి ఫోన్ చేయాలి.

ఈ ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. కెనడియన్ హాకీ లీగ్ కింద మూడు లీగులున్నాయి: ఒంటారియో వైపు ఓహెచ్ఎల్, పశ్చిమాన డబ్ల్యూహెచ్ఎల్, క్విబెక్‌లోనూ తూర్పు తీరంలోనూ క్యూఎంజేహెచ్ఎల్. అన్నీ కలిపి అరవై చిల్లర టీమ్‌లు, కొన్ని అమెరికాలో కూడా ఉన్నాయి. ఆడేది ఎక్కువగా 16 నుంచి 20 ఏళ్ళ కుర్రాళ్ళు. మూడు లీగుల చాంపియన్లు, ఆతిథ్యమిచ్చే టీమ్ కలిసి ఏటా మెమోరియల్ కప్ కోసం తలపడతారు.

ఇక కోచ్ పని. ఓహెచ్ఎల్, డబ్ల్యూహెచ్ఎల్ టీమ్‌లకి రెగ్యులర్ సీజన్‌లోనే 68 మ్యాచ్‌లు, పశ్చిమాన అయితే మ్యాచ్ అయ్యాక రాత్రంతా మంచు రోడ్ల మీద బస్సు ప్రయాణం. పదహారేళ్ళకే ఇల్లు వదిలి, ముక్కూమొహం తెలియని కుటుంబం ఇంట్లో ఉంటూ (బిల్లెట్ ఫ్యామిలీ అంటారు వాళ్ళని) పొద్దున స్కూలుకి, మధ్యాహ్నం ప్రాక్టీసుకి వెళ్ళే పిల్లలు. ఒకడికి ఇంటి మీద బెంగ, ఇంకొకడికి ఎన్‌హెచ్ఎల్ డ్రాఫ్ట్ (పెద్ద టీమ్‌లు కుర్రాళ్ళని ఎంచుకునే రోజు) టెన్షన్, మరొకడి తండ్రి ఫోన్ చేసి మావాణ్ణి పవర్ ప్లేలో (పెనాల్టీ వల్ల ఎదుటి టీమ్‌కి ఒకడు తక్కువున్నప్పుడు) ఎందుకు దించట్లేదని నిలదీస్తుంటాడు. దీనికి తోడు ఇరవై ఏళ్ళవాళ్ళు టీమ్‌కి ముగ్గురికి మించి ఉండకూడదన్న రూలొకటి. నాలుగేళ్ళు కష్టపడి తయారుచేసినవాణ్ణి సరిగ్గా చేతికందొచ్చే సమయానికి వదులుకుని మళ్ళీ కొత్త పిల్లలతో మొదలుపెట్టాలన్నమాట. జనవరిలో ట్రేడ్ గడువు దగ్గర పడితే పదిహేడేళ్ళ కుర్రాణ్ణి గదిలోకి పిలిచి, నిన్ను వేరే ఊరికి పంపేస్తున్నాం, స్కూలు కూడా మారాలి అని చెప్పేటప్పుడు జనరల్ మేనేజర్ పక్కన కూర్చోవాల్సింది కూడా ఈయనే. ఎన్‌హెచ్ఎల్‌లో వెయ్యి మ్యాచ్‌లు ఆడిన అనుభవం ఇందులో ఎంతవరకు అక్కరకొస్తుందో నాకు అనుమానమే. పవర్ ప్లే గీయడానికి పనికొస్తుంది, ఒప్పుకుంటా, అది వీడియో చూసి కూడా నేర్చుకోవచ్చు.

నా వాదనకి అన్నిటికంటే బలమైన సాక్ష్యం గార్డినర్ మెక్‌డూగల్. 2022లో క్యూఎంజేహెచ్ఎల్ టీమ్ సెయింట్ జాన్ సీ డాగ్స్ మెమోరియల్ కప్‌కి ఆతిథ్య టీమ్, కాబట్టి టోర్నీలో చోటు ముందే ఖాయం. కానీ సొంత లీగ్ ప్లేఆఫ్స్‌లో మొదటి రౌండ్‌లోనే ఓడిపోయారు. హెడ్ కోచ్ గోర్డీ డ్వయర్‌ని తీసేసి, అదే రాష్ట్రంలో ఫ్రెడరిక్టన్‌లో ఉన్న న్యూబ్రన్స్‌విక్ యూనివర్సిటీ కోచ్ మెక్‌డూగల్‌ని కొన్నాళ్ళకి అరువు తెచ్చుకున్నారు. మనిషి కుర్రాడేం కాదు, 2000 నుంచీ ఆ యూనివర్సిటీలోనే ఉన్నాడు, ఎన్‌హెచ్ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. వారాల వ్యవధిలో, సొంత ఊళ్ళోనే పరువు పోయిన ఆ టీమ్‌ని లేపి నిలబెట్టి, ఫైనల్‌లో హామిల్టన్ బుల్‌డాగ్స్‌ని 6-3తో ఓడించి కప్పు ఇప్పించాడు. తిరిగి యూనివర్సిటీకి వెళ్ళి 2023-24లో 43 మ్యాచ్‌లకి 43 గెలిచాడు, ఒక్క ఓటమి లేదు. ఆ తర్వాత మాంక్టన్ వైల్డ్‌క్యాట్స్‌కి వచ్చి మొదటి సీజన్‌లోనే, 2025లో, క్యూఎంజేహెచ్ఎల్ టైటిల్ కొట్టాడు. (మాంక్టన్‌కి తెచ్చుకున్న జనరల్ మేనేజర్ ఆయన సొంత కొడుకే. బంధుప్రీతి అని గొణిగినవాళ్ళు టైటిల్ తర్వాత ఏమంటారో మరి.)

యూనివర్సిటీ కోచ్‌లు ఎందుకు పనికొస్తారంటే, కెనడా యూనివర్సిటీ టీమ్‌ల నిండా ఉండేది ఈ జూనియర్ లీగుల్లో ఆడి బయటికొచ్చినవాళ్ళే. లీగ్‌లో ఆడిన ఒక్కో సీజన్‌కి ఒక ఏడాది చదువు ఖర్చు టీమ్ పెట్టుకుంటుంది, ఎన్‌హెచ్ఎల్ కాంట్రాక్ట్ రానివాళ్ళు ఆ స్కాలర్‌షిప్‌తో చదువులోకి వస్తారు. అంటే ఈ కోచ్ చేతికొచ్చేది కల చెదిరిన ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు. జీతం లేదు, డ్రాఫ్ట్ లేదు, బస్సు ప్రయాణాలు మాత్రం అలాగే ఉన్నాయి. అలాంటివాణ్ణి ఇంకా పరుగెత్తించగలిగినవాడికి పదిహేడేళ్ళవాణ్ణి ఆడించడం కొత్త కాదు, పైగా వాళ్ళలో ఎంతమంది పైకి వెళ్ళరో కూడా ఆయనకి బాగా తెలుసు. పైకి వెళ్ళని ఆ ఎక్కువమందిని చూసుకోవడమే కదా జూనియర్ కోచ్ ఉద్యోగంలో పెద్ద భాగం.

రెండో గని ఈ మూడు లీగులకి ఒక మెట్టు కిందుండే జూనియర్ ఏ స్థాయి, దానికి దగ్గరగా ఉండే అమెరికా జూనియర్ లీగులు. అక్కడ హెడ్ కోచ్ అంటే చాలా చోట్ల జనరల్ మేనేజర్ కూడా ఆయనే, ప్లేయర్లని వెతికేదీ ఆయనే, అవసరమైతే బస్సు బుక్ చేసేదీ ఆయనే. జాన్ కూపర్ సంగతి చాలామందికి తెలుసు: లాయర్‌గా పనిచేస్తూ మిషిగన్‌లో హైస్కూల్ పిల్లలకి కోచింగ్ మొదలుపెట్టాడు, సెయింట్ లూయిస్ బాండిట్స్‌తో 2007, 2008లో వరసగా టైటిళ్ళు, 2010లో గ్రీన్ బేతో అమెరికా జూనియర్ లీగ్ యూఎస్‌హెచ్ఎల్ టైటిల్ క్లార్క్ కప్, చివరికి టంపా బేతో 2020, 2021లో రెండు స్టాన్లీ కప్‌లు, అంటే ఎన్‌హెచ్ఎల్ టైటిళ్ళు. షెల్డన్ కీఫ్ పెంబ్రోక్ అనే చిన్న ఊరి టీమ్‌తో 2011లో జాతీయ జూనియర్ ఏ టైటిల్ గెలిచాకే ఓహెచ్ఎల్ టీమ్ సూ గ్రేహౌండ్స్ దాకా వచ్చాడు, అక్కణ్ణుంచి ఎన్‌హెచ్ఎల్‌కి. జూనియర్ ఏ టీమ్ పెంటిక్టన్ వీస్‌ని 2007 నుంచి నడుపుతున్న ఫ్రెడ్ హార్బిన్సన్ అయితే కదలనే లేదు. 2011-12లో ఆయన టీమ్ వరసగా 42 మ్యాచ్‌లు గెలిచింది. ఏ పెద్ద టీమ్ ఆయన్ని లాక్కెళ్ళలేదు, ఆఖరికి 2025లో పెంటిక్టనే డబ్ల్యూహెచ్ఎల్‌లో చేరింది, ఆయన కుర్చీ మారకుండానే పెద్ద లీగ్ కోచ్ అయ్యాడు.

మరి అసిస్టెంట్ కోచ్‌లు? మంచి అభ్యర్థులే, కానీ చిన్న తిరకాసుంది. అసిస్టెంట్‌తో పిల్లలు చనువుగా ఉంటారు, మనసులో మాట చెప్పుకుంటారు. హెడ్ కోచ్ అయిన మర్నాడు వాళ్ళలోనే ఒకణ్ణి బెంచి మీద కూర్చోబెట్టాలి. అప్పుడు ఎవరు ఎలా నిలబడతారో ముందే చెప్పడం కష్టం. ట్రావిస్ గ్రీన్ నిలబడ్డాడు. 2012 నవంబర్‌లో పోర్ట్‌లాండ్ వింటర్‌హాక్స్ హెడ్ కోచ్ మైక్ జాన్‌స్టన్‌ని లీగ్ సస్పెండ్ చేస్తే, సీజన్ మధ్యలో పగ్గాలు పట్టుకుని 2013 డబ్ల్యూహెచ్ఎల్ టైటిల్ తెచ్చాడు, తర్వాత వ్యాంకూవర్, ఒట్టావా ఎన్‌హెచ్ఎల్ టీమ్‌లకి హెడ్ కోచ్ అయ్యాడు. ఆయన కూడా ఎన్‌హెచ్ఎల్ మాజీయే కదా అంటారా? అవును, కానీ పోర్ట్‌లాండ్‌లో అసిస్టెంట్‌గా కొన్నేళ్ళు పనిచేశాకే ఆ కుర్చీ దొరికింది. పాట్రిక్ రువా లాంటి ఎన్‌హెచ్ఎల్ సూపర్‌స్టార్ సంగతి కూడా వేరు. క్విబెక్ రెంపార్ట్స్‌తో 2006లో ఒకసారి, 2023లో మళ్ళీ మెమోరియల్ కప్ గెలిచాడు, మధ్యలో ఎన్‌హెచ్ఎల్‌కి వెళ్ళి తిరిగొచ్చి అదే బస్సెక్కాడు. ఇలాంటివాళ్ళ మీద నాకు ఫిర్యాదు లేదు. రిటైరైన ఏడాదికే నేరుగా హెడ్ కోచ్ అయిపోవాలనుకునేవాళ్ళ గురించే నా గొడవంతా.

ఇప్పుడు ఇదంతా ఇంకా ముఖ్యమైపోవడానికి కారణం అమెరికా కాలేజీలు. ఈ మూడు లీగుల్లో ఆడినవాళ్ళని ప్రొఫెషనల్స్‌గా లెక్కేసి ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటలని నడిపే సంస్థ) ఇన్నాళ్ళూ తలుపు మూసేసింది. 2024 నవంబర్‌లో ఆ రూలు ఎత్తేశారు, 2025 ఆగస్టు 1 నుంచి అమలు. మెడిసిన్ హాట్ టైగర్స్‌కి 56 మ్యాచ్‌ల్లో 129 పాయింట్లు (గోల్స్, అసిస్ట్‌లు కలిపి) చేసిన గావిన్ మెక్‌కెన్నా, టీమ్‌తో 2025 డబ్ల్యూహెచ్ఎల్ టైటిల్ కూడా గెలిచి, ఆ వేసవిలోనే పెన్ స్టేట్ యూనివర్సిటీకి వెళ్ళిపోయాడు. మెడిసిన్ హాట్‌లో అప్పటి కోచ్ ఎవరో కొత్తవాడు కాదు, విలీ డిజార్డిన్స్, అదే టీమ్‌తో 2004, 2007ల్లో కూడా టైటిల్ గెలిచిన పెద్దమనిషి. అంతటివాడి దగ్గరే ఆగనివాడు ఇంకెక్కడ ఆగుతాడు? ఇకమీదట పద్దెనిమిదేళ్ళవాడికి ప్రతి వేసవిలోనూ ఇంకో దారి కళ్ళముందు ఉంటుంది. ఇంకో ఏడాది ఇక్కడే ఉంటే నీ ఆటలో ఫలానాది మెరుగవుతుంది అని కుర్రాడికీ వాళ్ళమ్మానాన్నలకీ నమ్మకం కలిగేలా చెప్పగలగడం కోచ్ ఉద్యోగంలో భాగమైపోయింది. ఈ పని జూనియర్ ఏ కోచ్‌లకి రోజూ ఉండేదే, మంచి ప్లేయర్ని పెద్ద లీగ్ ఎగరేసుకుపోకుండా ఆపుకోవడం వాళ్ళకి ఎప్పుడూ ఉన్న తలనొప్పి. పైగా కాలేజీలు కోచ్‌లని కూడా తీసుకెళ్తున్నాయి. 2023 వరల్డ్ జూనియర్స్‌లో (ఇరవై ఏళ్ళలోపు వాళ్ళ ప్రపంచ పోటీ) కెనడాకి గోల్డ్ తెచ్చిన డెనిస్ విలియమ్స్ 2024లో డబ్ల్యూహెచ్ఎల్ టీమ్ ఎవరెట్ సిల్వర్‌టిప్స్ వదిలి బౌలింగ్ గ్రీన్ స్టేట్ యూనివర్సిటీకి వెళ్ళాడు.

గెలుపోటముల రికార్డు ఒక్కటే చూసి తీసుకోవడం గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. స్విఫ్ట్ కరెంట్ బ్రాంకోస్‌తో 1989 మెమోరియల్ కప్ గెలిచిన గ్రాహం జేమ్స్, తన దగ్గర ఆడిన పిల్లల మీద లైంగిక దాడుల కేసులో 1997లో జైలుకెళ్ళాడు. షెల్డన్ కెనడీ ధైర్యం చేసి బయటికి చెప్పేదాకా ఆ మనిషికి హాకీ ప్రపంచమంతా దండలే వేసింది. అంత ఘోరంతో దీన్ని కలపట్లేదు గానీ, బిల్ పీటర్స్ విషయం కూడా నాకు మింగుడు పడదు. స్పోకేన్‌తో 2008 మెమోరియల్ కప్ గెలిచినవాడే. రాక్‌ఫర్డ్‌లో తన టీమ్ ప్లేయర్ అకీమ్ అలియు మీద జాతి దూషణ చేశాడని 2019లో బయటపడితే క్షమాపణ చెప్పి కాల్గరీ ఎన్‌హెచ్ఎల్ టీమ్‌కి రాజీనామా ఇచ్చాడు. 2023లో డబ్ల్యూహెచ్ఎల్ టీమ్ లెత్‌బ్రిడ్జ్ హరికేన్స్ ఆయన్ని హెడ్ కోచ్‌గా తీసుకుంది. మనిషికి రెండో అవకాశం ఉండకూడదని అనను, ఆ రెండో అవకాశం పదహారేళ్ళ పిల్లల డ్రెస్సింగ్ రూమ్‌లోనే ఎందుకివ్వాలన్నది నా ప్రశ్న. అభ్యర్థి గురించి ఆరా తీసేటప్పుడు ఆయన తయారుచేసిన స్టార్లకి ఫోన్ చేసి లాభం లేదు, వాళ్ళు పొగుడుతారు. రాత్రికి ఆరు నిమిషాలు ఆడి, క్రిస్మస్‌కి ట్రేడై వెళ్ళిపోయిన నాలుగో లైన్ కుర్రాణ్ణి అడగాలి.

ఇంకా తలుపు బయటే నిలబడ్డవాళ్ళు ఉన్నారు, ముందుగా ఆడవాళ్ళు. డానియెల్ సోవాజో 1999లోనే మాంట్రియల్ రాకెట్‌కి అసిస్టెంట్‌గా పనిచేసింది, లారా ఫోర్టినో హామిల్టన్ బుల్‌డాగ్స్‌లో అసిస్టెంట్‌గా చేరింది 2021లో, మధ్యలో ఇరవై ఏళ్ళు దాటిపోయాయి. జెసికా కాంప్‌బెల్ 2024లో సియాటిల్ క్రాకెన్ బెంచి మీద ఎన్‌హెచ్ఎల్ అసిస్టెంట్‌గా నిలబడింది, ఆమెకి జూనియర్ టీమ్ అప్పగించడానికి ఇంకేం రుజువు కావాలి? యూరప్ వైపు చూసే ధైర్యం కిచెనర్ రేంజర్స్ చేసింది, 2019 వరల్డ్ జూనియర్స్‌లో ఫిన్లాండ్‌కి గోల్డ్ తెచ్చిన యుస్సీ అహోకాస్‌ని 2023లో తెచ్చుకుంది. భారత మూలాలున్న మానీ మల్హోత్రా 2025లో అబాట్స్‌ఫర్డ్ కెనక్స్‌తో ఏహెచ్ఎల్ (ఎన్‌హెచ్ఎల్‌కి ఒక మెట్టు కింది లీగ్) టైటిల్ కాల్డర్ కప్ గెలిచాడు, ఆయన ఇప్పటికే జూనియర్ స్థాయి దాటేశాడు, ఇక కిందకి దిగడు. బ్రాంప్టన్, కాల్గరీ వైపు పిల్లల్ని ఐస్ హాకీలో పెట్టిన మన తెలుగు అమ్మానాన్నలకి ఒక్క మాట: జూనియర్ టీమ్ మీ పిల్లల్ని ఎంచుకున్నాక ఆ టీమ్ గోడ మీద ఎన్ని కప్పులున్నాయో తర్వాత చూద్దురు గానీ, ముందు కోచ్ అంతకుముందు ఎక్కడ, ఏ వయసు పిల్లలతో పనిచేశాడో అడగండి.

ఓనర్లు మాత్రం తిప్పి తిప్పి అడిగేది ఒకటే, తెలియని పేరు పెడితే టికెట్లు ఎవరు కొంటారని. ఓహెచ్ఎల్ టీమ్ ఈరీ ఒట్టర్స్ ఏం చేసిందో చూడండి. 2012 నవంబర్‌లో ఆ టీమ్ హెడ్ కోచ్ రాబీ ఫ్టోరెక్, ఎన్‌హెచ్ఎల్‌లో ఆడినవాడు, పైగా ఆ లీగ్‌లోని కింగ్స్, డెవిల్స్, బ్రూయిన్స్ మూడింటికీ హెడ్ కోచ్‌గా చేసినవాడు. అంతకు మించిన బయోడేటా జూనియర్‌లో దొరకడం కష్టం. ఆయన్ని తీసేసి 34 ఏళ్ళ క్రిస్ నాబ్లాక్‌ని తెచ్చారు. ఆల్బర్టా యూనివర్సిటీకి ఆడి, డబ్ల్యూహెచ్ఎల్ టీమ్ కూటనీ ఐస్‌లో అసిస్టెంట్‌గా చేసి, అక్కడే హెడ్ కోచ్‌గా మొదటి సీజన్‌లో 2011 డబ్ల్యూహెచ్ఎల్ టైటిల్ గెలిచినవాడు, ఈరీలో ఎంతమందికి తెలిసి ఉంటాడో చెప్పలేం. ఆ సీజన్ ప్లేఆఫ్స్‌కి కూడా వెళ్ళలేదు, అయినా ఓపిక పట్టారు. తర్వాత వరసగా నాలుగు సీజన్లు యాభైకి తగ్గకుండా గెలుపులు, 2017లో ఓహెచ్ఎల్ టైటిల్. ఈరీకి ఆడిన సూపర్‌స్టార్ కానర్ మెక్‌డేవిడ్ ఉంటే ఎవరైనా గెలుస్తారు అంటారు కొందరు, కానీ మెక్‌డేవిడ్ ఈరీ వదిలి ఎడ్మంటన్ వెళ్ళింది 2015లో, ఆ టైటిల్ వచ్చింది ఆయన లేకుండా రెండేళ్ళ తర్వాత.